రెండు కిలోల మూడు వందలు

చిన్నాయన పోయాడన్న కబురు నాకు కడపలో తెలిసింది. ఇంటర్మీడియట్ పేపర్లు దిద్దే క్యాంపులో ఉన్నాను. టీ ఇచ్చే వేళకి సెల్‌ఫోన్ మోగింది. కర్నూలు నుంచి మా ఇంటి ఓనరమ్మ. "మేడమ్, కింది పోర్షన్ పెద్దాయన పొద్దున పోయినాడు. కుర్చీలో కూర్చున్నట్లే ఉండాడు. మీకు చెప్పల్లని చేసినా" అంది. నేను సరేనన్నాను. ఎందుకు సరేనన్నానో తెలియదు. ముందున్న పేపర్లో ఎవరో పిల్ల ద్రవ్యరాశికీ భారానికీ తేడా రాసింది. దానికి రెండు మార్కులు వేసి, కట్ట కట్టేసి, క్యాంపు ఆఫీసరు దగ్గరికి వెళ్లి సెలవడిగాను. పోయినాయన మీకేమవుతాడని అడిగాడాయన. పక్కింటాయన అంటే సెలవు రాదు. చిన్నాయన అని చెప్పాను. నాన్న తమ్ముడనుకుని వెంటనే సంతకం పెట్టాడు.

మైదుకూరు, ఆళ్లగడ్డ, నంద్యాల మీదుగా బస్సు కర్నూలు చేరేసరికి పొద్దు గూకింది. షేర్ ఆటోలో కల్లూరు వచ్చి దిగాను. అప్పటికే అంతా అయిపోయింది. నేను చూసింది కడిగిన గడప, ఒకదాని మీద ఒకటి పేర్చిన అద్దె కుర్చీలు. అంతే. మనిషిని చివరిసారి చూడలేదు కాబట్టి ఆయన కింద ఉన్నాడనే నా ఒంటికి ఇంకా అలవాటు. మెట్లు దిగేటప్పుడు చెప్పుల చప్పుడు తగ్గించుకుంటాను.

ఇది చదివేవాళ్లలో ఎవరికీ ఆయన తెలిసే వీలు లేదు. మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర లారీలు తూచే కాటాలో ఇరవై ఏడేళ్లు పనిచేసి రిటైరైన మనిషి. పేరుకి ముగ్గురాయే గానీ, అది పొడై ఓడలెక్కి ఎక్కడెక్కడి చమురు బావుల్లోనో పడే ఖనిజం. మామూలు రాయి కంటే ఒకటిన్నర రెట్లు బరువు. గుప్పెడు పొడి తీసుకుంటే చెయ్యి కిందికి లాగుతుంది. భార్యకి జబ్బు చేస్తే కర్నూలు పెద్దాసుపత్రిలో చూపించడానికి కల్లూరులో రెండు గదులు అద్దెకి తీసుకున్నాడు. ఏడాది తిరక్కుండా ఆమె పోయింది. ఆయన ఆ రెండు గదుల్లోనే ఉండిపోయాడు. ఒక్కగానొక్క కూతురు జమ్మలమడుగులో కాపురం. రమ్మంటే పోలేదు. మంగంపేటకైనా తిరిగి పోవచ్చు కదా అని నేనొకసారి అడిగితే, "ఆడ కాటాకి కంప్యూటరు పెట్టినారంట. నేను పోయి ఏం చూసేది?" అన్నాడు.

నేను పై పోర్షన్. జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. మాది ఆదోని. నాన్నది చెనక్కాయల వ్యాపారం. నాకు పెళ్లి కాలేదు. ఇంకాస్త నిజంగా చెప్పాలంటే, కుదిరినవి నేను వద్దన్నాను, తరవాత కుదరడమే ఆగిపోయింది. ఆ ఇంట్లో చేరిన మొదటి వారం గ్యాస్ సిలిండరు వచ్చింది. ఆయన గుమ్మంలోంచి లేచి వచ్చి, సిలిండరుని బెత్తెడెత్తు లేపి దించి, కిలోన్నర తక్కువుందని తేల్చేశాడు. నాకు నమ్మకం కలగలేదు. ముసలాయనకి తోచడం లేదనుకున్నాను. తెచ్చినవాడి దగ్గరున్న కొక్కెం కాటాకి తగిలిస్తే కిలోన్నరే తక్కువ. వాడు ఇంకోటి దించి పోయాడు. ఆ రోజు నుంచి ఆయన్ని చిన్నాయనా అని పిలిచాను. ఆయన నన్ను కొన్నాళ్లు మేడమన్నాడు, తరవాత అమ్మా అన్నాడు.

అంకె ఏదైనా రెండుసార్లు చెప్పేవాడు. కాటా గదిలోంచి ఆయన అరిస్తే బయట గుమాస్తా రాసుకునేవాడట. లారీల రొదలో ఒకసారి చెబితే వినపడదు. ఆ అలవాటు ఇంట్లోనూ పోలేదు. టైమెంతయిందంటే "ఆరు నలభై, ఆరు నలభై" అనేవాడు. ఆసుపత్రిలో భార్య వయసు కూడా రెండుసార్లు చెబితే నర్సు ఆయనకి చెవుడేమోననుకుని చీటీ మీద రాసి చూపించిందట. కూరగాయలమ్మి తట్ట దించితే ముందు ఖాళీ తట్ట తూయించేవాడు. ఆటో వచ్చి ఆగితే వంగి దాని కిందికి చూసేవాడు. ఎందుకు చిన్నాయనా అంటే, ఖాళీ లారీ తూచేటప్పుడు డ్రైవర్లు దాని అడుగున నీళ్ల పీపాలూ బండలూ దాచేవాళ్లనీ, ఖాళీ బరువు ఎక్కువ పడితే సరుకు ఆ మేరకు లెక్క లేకుండా దాటిపోతుందనీ చెప్పాడు. "కాటా అబద్ధం చెప్పదమ్మా. అయితే ఏం తూస్తాండావో నువ్వు సూసుకోవల్ల. లోపల సూడకుండా ఖాళీ అని రాయగూడదు." ఈ మాట నేను క్లాసులో ఎన్నోసార్లు వాడుకున్నాను, ఎవరన్నారో చెప్పకుండా.

ఆదివారం పొద్దున మా ఇద్దరిదీ ఒకే కాలక్షేపం. నేను పేపరు తీసుకుని దిగేదాన్ని. ఆయన సజ్జరొట్టె మీద చెనక్కాయల ఊరిబిండి పచ్చడి పెట్టి ఇచ్చేవాడు. పెద్దగా మాట్లాడుకునేవాళ్లం కాదు. వారంలో నాతో పనిలేని మాట మాట్లాడే మనిషి ఆయనొక్కడే. ఆయనకి నేనొక్కదాన్నే. అది ఇద్దరికీ తెలుసు. ఎవరూ పైకి అనలేదు.

ఇక సైకిలు. ఆయన గది వెనక వరండాలో గోనెపట్టా కప్పి ఉండేది. తొంభైల మొదట్లో మంగంపేటలో పొడి కొట్టే మిషను బిగించడానికి ఇంగ్లండు నుంచి ఒక ఇంజనీరు వచ్చి ఎనిమిది నెలలున్నాడు. అందరూ దొర అనేవాళ్లు. దొర తనతోపాటు ఒక సైకిలు తెచ్చుకున్నాడు. లావు టైర్లు, తిన్నని హ్యాండిలు, ముందు మూడు, వెనక ఆరు పళ్లచక్రాలు. కొండల్లో తొక్కే సైకిలు. అలాంటిది అప్పటికి మన వైపు ఎవరూ చూడలేదు. సాయంత్రాలు దొర ఆ సైకిలు మీద కాటా గదికి వచ్చి కూర్చునేవాడు. ఒకరి భాష ఒకరికి రాదు. అంకెలు మాత్రం ఇద్దరికీ వచ్చు. లారీ దూరంగా కనపడగానే చిన్నాయన దాని బరువు ఊహించి వేళ్లతో చూపేవాడు. దొర తన ఊహ చూపేవాడు. ముల్లు నిలబడ్డాక ఎవరిది దగ్గరో చూసి నవ్వుకునేవాళ్లు. ఎనిమిది నెలల స్నేహమంతా అదే.

వెళ్లిపోయే రోజు దొర సైకిలు చిన్నాయన చేతికిచ్చాడు. ఈయన అలవాటు చొప్పున ఎత్తి చూసి, ఎంత అన్నట్టు సైగ చేశాడు. దొర కాటా చీటీ ఒకటి అందుకుని దాని వెనక రాసిచ్చాడు: ఫ్రేము ఒక్కటే, రెండు కిలోల మూడు వందలు. అది మేలైన ఉక్కనీ, అంత తేలిక ఫ్రేము తమ దేశంలోనూ అందరికీ ఉండదనీ గని మేనేజరు తెలుగులో చెప్పాడు. దొర జీపెక్కాడో లేదో మిగతావాళ్లు మొదలుపెట్టారు. పాత ఇనుము నీకంటగట్టి విమానంలో మోత ఖర్చు మిగుల్చుకున్నాడన్నారు. ఇంటికి తెస్తే భార్యా అదే అంది. ఆ వెక్కిరింపు ఏళ్ల తరబడి నడిచింది. చిన్నాయన దాన్ని తొమ్మిదేళ్లు తొక్కాడు. రోజంతా కాటా గోడకి ఆనించి పెట్టేవాడట. లారీ కదిలినప్పుడల్లా లేచే పొడిలో అది తెల్లగా అయిపోయేదట.

దొర మరిచిపోలేదు. ఏటా డిసెంబరులో గ్రీటింగు కార్డు వచ్చేది. ఈయన ఎవరి చేతనో జవాబు రాయించేవాడు. నేను వచ్చాక ఆ పని నాకొచ్చింది. ఒక డిసెంబరులో కార్డు చదివి వినిపించాక, "సైకిలు బాగు చేస్తాండా అని రాయమ్మా" అన్నాడు. నాకు నవ్వొచ్చింది, ఈ వయసులో తొక్కుతావా అన్నాను. తొక్కేదానికి కాదన్నాడు.

"ఒక్క మాట తేల్చుకోవల్ల. ఫ్రేము ఇప్పి తూస్తా. దొర రాసిచ్చిన తూకం వస్తే నా మనిషి నిజం. రాకుంటే వాళ్లు నవ్విందే నిజం."

ఇన్నాళ్లూ కాటా పక్కనే ఉన్నవాడివి ఎందుకు తూచలేదని అడిగాను. లారీ కాటాకి ఇరవై కిలోల లోపు కనపడదన్నాడు. భయం గూడా అన్నాడు. మనిషిని నమ్మడానికి తూకం ఎందుకని నేను అనుకోలేదు. ఇరవై ఏడేళ్లు ఒకటే పని చేసిన మనిషికి తెలిసిన నమ్మకం అదే. నేనూ అలాంటిదాన్నే.

అలా ఆ ఏడంతా మా ఆదివారాలు సైకిలుకి పోయాయి. బిగుసుకుపోయినవి మా చేత కాలేదు. పాతబస్తీలో సైకిలు షాపు భాయి దగ్గరికి ఆటోలో వేసుకుని పోయాం. భాయి చుట్టూ తిరిగి చూసి, ఇలాంటిది తన చేతికి రాలేదనీ, ఖరాబైతే అడగొద్దనీ ముందే చెప్పాడు. అయినా ఇష్టపడ్డాడు. సీటు కింది కడ్డీ గొట్టంలో తుప్పుతో అతుక్కుపోయి ఉంది. మూడు వారాలు కిరోసిన్ పోసి నానబెట్టి, నాలుగో వారం ఊడదీశాడు. పెడళ్ల ఇరుసు పట్టే కప్పులకి సరిపోయే పానా లేకపోతే పాత పానాని ఆకురాయితో రాకి కొత్తది చేశాడు. చక్రాలు, హ్యాండిలు, ముందు చక్రం పట్టే ఫోర్కు, బ్రేకులు, గేర్ల తీగలు అన్నీ ఊడి, చివరికి గొట్టాల చట్రం ఒక్కటే మిగిలింది. దాని మీద గనిలో ఎవరో పూసిన వెండి రంగు. చిన్నాయన ఉప్పు కాగితంతో రుద్దుతూ కూర్చునేవాడు. వెండి రంగు కింద ఎరుపు, ఎరుపు కింద ఉక్కు. ఏ ఉక్కో చెప్పే స్టిక్కరు ఎప్పుడో చిరిగిపోయింది. రుద్దినప్పుడల్లా బకెట్టు నీళ్లు పోసి కడిగేవాడు, ఒకసారి కాదు, పది పన్నెండుసార్లు. ఏ రంగు వేయాలన్నది మాత్రం తూకం తేలాకే అన్నాడు.

నేను ఊరికే ఉండలేదు. కాలేజీ ల్యాబు నుంచి వెర్నియర్ కాలిపర్సు తెచ్చి గొట్టాల వ్యాసాలు, మూతి దగ్గర రేకు మందం కొలిచాను. ఉక్కు సాంద్రతతో గుణించి, నోట్‌బుక్కులో రెండు పేజీల లెక్క వేశాను. రెండు కిలోల రెండు వందల ఎనభై వచ్చింది. చిన్నాయనకి చూపించాను. ఆయన ఆ అంకెని రెండుసార్లు కాదు, నాలుగుసార్లు చెప్పుకున్నాడు. అయినా లెక్క లెక్కేననీ, కాటా ఎక్కితేనే తూకమనీ అన్నాడు.

కల్లూరులో ఒక చెనక్కాయల మండీలో కడ్డీ మీద గుండు జరిపే పాత కాటా ఉంది. యాభై గ్రాముల దాకా చదవొచ్చు. అక్టోబరులో ఒక ఆదివారం అక్కడికి వెళ్లాం. ఆయన తెల్ల పంచె కట్టుకొచ్చాడు. కాటా ఎక్కే ముందు, లారీల దగ్గరిలాగే, ఫ్రేముని వెలుతురుకి ఎత్తి సీటు గొట్టంలోంచి చూశాడు, ముందు గొట్టంలోంచి చూశాడు. తరవాత హ్యాండిలు దగ్గర నుంచి పెడళ్ల దాకా ఏటవాలుగా దిగే పెద్ద గొట్టాన్ని వేలితో తట్టి, దీని లోపల చూసేదెట్లమ్మా అని అడిగాడు.

నాకు ఇంటి దగ్గర యూనిట్ టెస్టు పేపర్లున్నాయి. పొద్దున్నే అన్నావు కదా, ఎండెక్కుతోంది అని విసుగ్గా కూడా ఉంది. "రెండు పక్కలా అతుకేసిన గొట్టం చిన్నాయనా. గాలి తప్ప ఏముంటుంది?" అన్నాను. ఆయన ఆ గొట్టం మీద నీళ్ల సీసా బిగించుకోవడానికి ఉన్న రెండు చిన్న బెజ్జాల మీద వేలు పెట్టి ఆగాడు. మేకు పట్టేంత బెజ్జాలవి. నేను నవ్వాను. ఆయనా నవ్వి వేలు తీసేశాడు.

ఫ్రేము పట్టుకుని ఆయన కాటా ఎక్కాడు. అరవై ఒకటి తొమ్మిది వందలు. ఫ్రేము నా చేతికిచ్చి ఒక్కడే ఎక్కాడు. యాభై తొమ్మిది. మళ్లీ ఎక్కాడు, మళ్లీ అంతే. నేను ల్యాబు నుంచి తెచ్చిన స్ప్రింగు త్రాసుకి తగిలించి చూశాను. అక్కడా అంతే.

"రెండు తొమ్మిదొందలు" అన్నాడు. ఒక్కసారే అన్నాడు.

మండీలో జనం లేరు. గుమాస్తా చెనక్కాయలు ఒలుచుకు తింటున్నాడు. చిన్నాయన కాటా అంచున కూర్చున్నాడు. "నీ లెక్క ఒకటి చెప్తాండాది, కాటా ఒకటి చెప్తాండాది. చదువుకున్నదానివి, నువ్వు చెప్పమ్మా, ఏది నిజం?"

నేను ఒక్క నిమిషం ఆలోచించి ఉంటే బాగుండేది. ఆరు వందల గ్రాముల తేడా ఎక్కడిదని పిల్లల్నైతే నిలబెట్టి అడిగేదాన్ని. కానీ రెండు త్రాసులు ఒకే అంకె చూపించాయి. అదీగాక ఆయన ముందు కాటాని తప్పు పట్టడం మర్యాద కాదనిపించింది. కాటాదే నిజమన్నాను. గొట్టం మూతి దగ్గర పలచగా, మధ్యలో మందంగా ఉండి ఉంటుందని ఒక కారణం కూడా చెప్పాను. అప్పటికప్పుడు పుట్టించిన కారణం. అలాంటి గొట్టాలకి మధ్యలోనే పలచనని తరవాత పుస్తకంలో చూశాను.

ఆయన తల ఊపాడు. "అయితే వాళ్లు నవ్వింది కరెక్టే" అన్నాడు. ఫ్రేము భుజాన వేసుకుని ఇంటి దాకా నడిచి వచ్చాడు. ఆటో ఎక్కమంటే ఎక్కలేదు.

ఆ సాయంత్రమే ఫ్రేముని వెనక వరండాలో, పడమటి ఎండ తగిలే గోడకి మేకు కొట్టి తగిలించాడు. విడి భాగాలు అట్టపెట్టెలో సర్ది మంచం కిందికి తోశాడు. రంగు మాట ఎత్తలేదు. ఆదివారం నేను దిగితే రొట్టె పెట్టేవాడు గానీ, చేతులకి పని లేక ఇద్దరం ఎటో చూస్తూ కూర్చునేవాళ్లం. మెల్లగా నేను దిగడం తగ్గించాను. పరీక్షలు, రికార్డులు, ఏదో ఒకటి. నిజానికి ఆ గోడకున్న ఫ్రేము చూడలేకపోయేదాన్ని. డిసెంబరులో పోస్ట్‌మ్యాన్ కింద కవరు ఇచ్చి పోవడం మేడ మీద నుంచి చూశాను. చిన్నాయన దాన్ని చొక్కా జేబులో పెట్టుకుని లోపలికి పోయాడు. చదవమని పిలుస్తాడని ఆ వారం ఎదురుచూశాను. పిలవలేదు. నేనూ అడగలేదు. అడగడానికి పన్నెండు మెట్లు దిగితే చాలు. జనవరి పోయింది, ఫిబ్రవరి పోయింది. ఏప్రిల్‌లో కడప క్యాంపుకి పోతూ, వస్తానని చెప్పాను. "పోయిరామ్మా, ఎండలు శానా ఉంటాయి" అన్నాడు. 

పదకొండో రోజు అయ్యాక కూతురు గదులు ఖాళీ చేసింది. ఫ్రేమూ, అట్టపెట్టే నా ముందు పెట్టింది. "మీరిద్దరూ దీంతోనే కూచుంటాంటిరి కదక్కా. మీరే పెట్టుకోండి. నేను తీసుకుపోతే మా ఆయన పాతినుపోళ్లకి ఏస్తాడు" అంది. ఒక రేకు డబ్బా కూడా ఇచ్చింది. అందులో దొర కార్డులన్నీ, కాటా చీటీతో సహా. పైన ఉన్న కవరు చింపలేదు.

ఫ్రేము భుజాన వేసుకుని మెట్లెక్కాను. మలుపులో గోడ తగలకుండా దాన్ని నిలువుగా తిప్పాను. లోపల ఏదో జారింది. చాటలో ఇసుక జారినట్టు చిన్న చప్పుడు. ఆగి ఇటు తిప్పాను. మళ్లీ జారింది. అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను.

గదిలో పేపరు పరిచి, బెజ్జాలు కిందికి వచ్చేలా పట్టుకుని చపాతీ కర్రతో తట్టాను. ముందు ఏమీ రాలేదు. తరవాత సన్నటి దారంలా మాసిన తెలుపు పొడి రాలడం మొదలైంది. ముగ్గురాయి పొడి. తొమ్మిదేళ్లు కాటా గోడ పక్కన నిలబడి ఆ రెండు బెజ్జాల గుండా తాగిన పొడి. మేం బకెట్ల కొద్దీ నీళ్లు పోసి కడిగినప్పుడు లోపల గట్టిగా గార కట్టి ఉంటుంది. ఆరు నెలలు పడమటెండకి ఎండి పగిలింది. మధ్యాహ్నమంతా తట్టాను. ల్యాబులో తూస్తే పొడి అయిదు వందల ముప్పై గ్రాములు.

ఇరవై ఏడేళ్లు లారీల కింద వంగి చూసిన మనిషి. ఇక్కడా చూస్తాననే అన్నాడు. ఆపింది నేను. గాలి తప్ప ఏముంటుందని నవ్వింది నేను. పొద్దస్తమానం పిల్లలకి ప్రయోగంలో దోషాల గురించి చెప్పేదాన్ని, ఎండెక్కుతోందని ఆయన చేత వేలు తీయించాను. చచ్చిపోయిన మనిషికి క్షమాపణ చెప్పుకోవచ్చు, అందరూ చెప్పుకుంటారు. కానీ ఆయనకి కావలసింది నా క్షమాపణ కాదు, ఒక అంకె. అది చెప్పడానికి మనిషి లేడు.

మర్నాడు మండీకి వెళ్లాను. ఫ్రేముతో ఎక్కాను, లేకుండా ఎక్కాను. గుమాస్తా గుండు జరిపి చదివాడు. తేడా రెండు కిలోల మూడు వందల యాభై. అతుకుల మూలల్లో ఇంకా కొంచెం పొడి ఉండిపోయినట్టుంది, ఊపితే తెలుస్తోంది. గుమాస్తా నన్ను గుర్తుపట్టి, ఆ పెద్దాయన రాలేదా అని అడిగాడు. రాలేదన్నాను.

ఆ తరవాతే చింపని కవరు చింపాను. ఆయన కాదనుకున్న ఉత్తరం నేను చదవొచ్చా అని రెండు రోజులు తటపటాయించాను. కాదనుకోవడానికి కారణమే అబద్ధమని తేలాక చదవడం నా బాధ్యత అనిపించింది. కార్డు లోపల నాలుగు వాక్యాలు. ఈసారి కూడా మీ జవాబు కోసం ఎదురుచూస్తాను. నా భార్య ఆగస్టులో చనిపోయింది, ఇంట్లో ఇప్పుడు నేనొక్కణ్ణే. రోడ్డు మీద లారీ పోతే ఇప్పటికీ బరువు ఊహిస్తాను, సరిచూసేవాళ్లు లేరు. సైకిలుకి ఏ రంగు వేశారు?

అక్కడ ఒక ముసలాయన డిసెంబరు నుంచి జవాబు కోసం చూస్తున్నాడు. ఇక్కడ ఒక ముసలాయన ఆ కవరు చింపకుండా పోయాడు. మధ్యలో నేను, ఇద్దరి భాషా వచ్చినదాన్ని.

జవాబు రాయడానికి నాకు వారం పట్టింది. మొదటి కాగితంలో చిన్నాయన పోయిన సంగతి. రెండో దాంట్లో సైకిలు విప్పిన కథ, భాయి చేసిన పానాతో సహా. మూడో దాంట్లో తూకం: మీరు రాసిచ్చింది నిజం, పైన ఉన్న యాభై గ్రాములు మా మంగంపేట పొడి. రంగు ఇంకా వేయలేదు, వెండి రంగు కింద ఎరుపు కనపడింది, మొదటి రంగు అదేనని చెబితే అదే వేయిస్తాను. నాలుగో కాగితంలో, ఆయన మీకు ఎందుకు జవాబు రాయలేదో రాశాను. మిమ్మల్ని అబద్ధీకుడనుకుని పోయాడని, అలా అనుకునేలా చేసింది నేనని, ఆయన గొట్టం లోపల చూస్తానంటే నవ్వానని. దాన్ని మూడుసార్లు తిరగరాశాను. తగ్గించి రాయబోయినప్పుడల్లా చెయ్యి ఆగింది.

పెద్ద పోస్టాఫీసు కౌంటర్లో గుమాస్తా కవరుని చిన్న త్రాసు మీద పెట్టాడు. ముల్లు గీత దాటింది. "రెండు గ్రాములు ఎక్కువుండాది మేడమ్. ఒక కాగితం తీసేస్తే ఈ స్టాంపులతోనే పోతాది" అన్నాడు. కవరు ఇంకా అంటించలేదు. నా వెనక ఎవరూ లేరు. నాలుగో కాగితం అన్నిటికంటే పైన ఉంది. అది లేకపోయినా ఉత్తరానికి లోటు రాదు. దొరకి స్నేహితుడు పోయిన కబురూ అందుతుంది, తూకమూ అందుతుంది. డిసెంబరులో చిన్నాయనకి ఒంట్లో బాగాలేదని అనుకుంటాడు. నన్ను మంచి మనిషనుకుంటాడు.

గుమాస్తా నా వైపు చూస్తున్నాడు. తీయనన్నాను, అంతా పోవాలన్నాను. ఆయన ఇంకో స్టాంపు చింపి తడిచేసి అంటించి, కవరు అందుకుని ముద్ర కొట్టి వెనక సంచిలో వేశాడు. కౌంటరు మీద త్రాసు ఖాళీ తట్ట కాసేపు పైకీ కిందికీ ఊగింది. అది నిలబడేదాకా నేను అక్కడే ఉన్నాను.